కనపడని ఓనరమ్మ

ఈ మధ్య ఒక పెళ్లి విందులో, చాంగీ ఎయిర్‌పోర్టు వైపు కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి నా పక్కన కూర్చుంది. నేను ప్రభుత్వ ఇళ్ల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యానని ఆమెకెవరో చెప్పారట. "ఆంటీ, మేం అద్దెకున్న ఇంటికి తనిఖీకి వచ్చినవాళ్లు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పెయ్యాలా, ఓనర్‌ని అడిగి చెప్తామనాలా?" అంది. ఉన్నదున్నట్టే చెప్పమన్నాను. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. కానీ ఉన్నదున్నట్టు చెప్పిన ఒక కుర్రాడు గుర్తొచ్చాడు. అతను చెప్పింది నేను విన్న తీరువల్ల ఒక పెద్దావిడ ఇల్లు పోగొట్టుకోబోయింది. ఆ సంగతంతా ఆ అమ్మాయి గిన్నెలో ఐస్‌క్రీం కరిగి నీళ్లయ్యేదాకా చెబుతూ కూర్చున్నాను. అదే ఇప్పుడు రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. తప్పు చేసింది నేను, పేర్లు బయటపడితే ఇబ్బందిపడేది వాళ్లు.

మా ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఈ దీవిలోనే ఉండిపోయాడు. మా ఇంట్లో తెలుగు నాయనమ్మ దయవల్ల మిగిలింది. అందులో తమిళం కొంత, మలయ్ కొంత కలిసిపోయి ఉండేవి. నేను బజారును పసార్ అనేదాన్ని, రైలును పొగబండి అనేదాన్ని. ఆఫీసులో నా తెలుగుతో ఎవరికీ పని పడలేదు, సాఫ్ట్‌వేర్ వాళ్లు దిగేవరకు.

ఆ రోజుల్లో చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకులు, కంప్యూటర్ కంపెనీలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్నాయి. వాటిలో పనికొచ్చినవాళ్లు టాంపనీస్ చుట్టుపక్కల ఫ్లాట్లలో గదులు అద్దెకు తీసుకునేవాళ్లు. లిఫ్టులో నా పక్కనే నిలబడి, నాకు అర్థం కాదనుకుని, ఊరి నుంచి వచ్చిన గోంగూర పచ్చడి ఎవరు ఎక్కువ తిన్నారో పోట్లాడుకునేవాళ్లు. నేను ఐడీ కార్డు మెడలో వేసుకుని, ఏమీ తెలియనట్టు పైన అంకెలు మారడం చూస్తూ ఉండేదాన్ని. నిజం చెప్పాలంటే ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన భాగం అదే.

మా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి. ప్రభుత్వం కట్టిన ఫ్లాట్‌ని కొనుక్కున్నవాళ్లు గదులు అద్దెకు ఇచ్చుకోవచ్చు. కానీ ఓనరు కూడా అదే ఇంట్లో ఉండాలి. ఒక గదికి తాళం వేసి, అందులో తాము ఉంటున్నట్టు చూపించి, మిగతా ఇల్లంతా అద్దెకిచ్చి తాము వేరేచోట కాపురం ఉండేవాళ్లు కొందరు. అలాంటిది రుజువైతే ఇల్లే వెనక్కి తీసుకునే అధికారం ఆఫీసుకుంది. అందుకని బయటనుంచి తాళం వేసిన పడకగది కనపడితే నా ముక్కు వెంటనే అటు తిరిగేది.

ఒకరోజు నా బల్ల మీదికి ఒక చీటీ వచ్చింది. టెలిఫోన్ దగ్గర కూర్చునే గుమస్తా మాటల పొదుపులో మా ఆఫీసు మొత్తానికి పేరున్నవాడు. చీటీలో ఒక బ్లాకు నంబరు, ఇంటి నంబరు, కింద రెండు వాక్యాలు: ఓనర్ కనిపించడం లేదు. విదేశీయులు ఉంటున్నారు.

మొదటిసారి సాయంత్రం ఏడింటికి వెళ్తే తలుపు తీసినవాళ్లు లేరు. రెండోసారీ అంతే. మూడోసారి ఏడున్నర దాటాక వెళ్తే నలుగురు కుర్రాళ్లు అప్పుడే ఇల్లు చేరినట్టున్నారు, మెడలో ఆఫీసు బ్యాడ్జీలు ఇంకా తీయలేదు. ఓనర్ ఎక్కడని ఇంగ్లీషులో అడిగాను. బయటికెళ్లారన్నాడు ఒకడు. ఎక్కడికని అడిగితే, అతను పక్కవాడి వైపు తిరిగి, "ఏం చెప్దాంరా?" అన్నాడు తెలుగులో.

"ఉన్నది చెప్పండి నాయనా, చాలు" అన్నాను.

నలుగురి మొహాలూ వెలిగిపోయాయి. ఒకడు కుర్చీ తెచ్చాడు, ఒకడు టీ పెడతానన్నాడు. నాలుగు మాటలు మాట్లాడేసరికి, మా నాయనమ్మ మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు మేడమ్ అని మురిసిపోయారు. తనిఖీకి వెళ్లినచోట ఏమీ తాగకూడదు కాబట్టి టీ వద్దన్నాను. కానీ నేనూ లోపల మురిసిపోయానని ఒప్పుకోవాలి. సర్కారు ఉద్యోగిని చూసి మనుషులు అలా సంతోషించడం మాకు అలవాటు లేదు.

అప్పుడు వాళ్లలో పెద్దవాడు, కాకినాడ కుర్రాడు, నిజం చెప్పాడు. "మేం ఆవిడ్ని ఇంతవరకూ చూడలేదండీ. వచ్చి నాలుగు నెలలైంది."

కాగితాలన్నీ ఆవిడ కొడుకు చూసుకున్నాడట. ఇల్లు కుదిర్చినవాడు వాళ్లలోనే హైదరాబాద్ ముస్లిం కుర్రాడు. "ఓనరమ్మతోని ఫోన్ల ఒక్కసారి మాట్లాడిన మేడమ్. వంటింట్ల పంది మాంసం వద్దన్నది, అంతే" అన్నాడు. మరి తీగల మీద ఆరేసిన బట్టలెవరివని అడిగాను. పగలు ఎవరో వచ్చి ఉతుక్కుని పోతారని, ఓనరమ్మ కూతురేమో అనుకున్నామని చెప్పారు. మూడో పడకగదికి బయట తాళం వేలాడుతోంది.

"నాకైతే ఒకసారి ఆ రూంలకెల్లి గురక ఇనవడ్డది మేడమ్" అన్నాడు వరంగల్ కుర్రాడు. ఆ రోజు జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నాడట. మిగతావాళ్లు పకపకా నవ్వారు. జ్వరం నూట మూడు ఉన్నవాడికి గురకలే కాదు, పాటలు కూడా వినిపిస్తాయన్నాడు నాలుగోవాడు. నేనూ నవ్వాను. పుస్తకంలో మిగతావన్నీ రాసుకున్నాను, గురక సంగతి రాసుకోలేదు.

మర్నాడు నివేదిక పంపాను. ఓనరు ఆ ఇంట్లో నివసించడం లేదని, అద్దెకున్నవాళ్లే ఒప్పుకున్నారని, గదికి తాళం ఉందని అందులో రాశాను. చక్కటి నివేదిక, ఒక్క అచ్చుతప్పు లేదు. పదిరోజుల్లో ఆ ఇంటి తలుపుకి నోటీసు అంటించారు. ఇంటిని ఎందుకు స్వాధీనం చేసుకోకూడదో ఓనరు వచ్చి చెప్పుకోవాలి, అద్దెకున్నవాళ్ల తరఫున ఒకరు కూడా రావాలి.

ఆ మధ్యాహ్నమే కాకినాడ కుర్రాడు ఆఫీసుకు ఫోన్ చేశాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"మేం ఇంకో రూం చూసుకుంటామండీ, దానికేం లేదు. కానీ ఆవిడ ఇల్లు పోతుందని మాకు తెలీదండీ. మీరు తెలుగువారు కదా అని మనసులో ఉన్నది చెప్పేశాను."

నియమాలు నియమాలేనని ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాను. నేను తప్పు చేశానని నాకప్పటికి తెలియదు. అయినా ఆ మాట గుచ్చుకుంది. నేను ఆ ఇంట్లో తెలుగు మాట్లాడింది ఆప్యాయతతోనా, నిజం రాబట్టడానికా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. రెండూ అని జవాబు వచ్చింది. ఆ పూట భోజనం డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి తీసుకెళ్లాను.

విచారణ రోజు పొద్దున తొమ్మిదిన్నరకి బయట బెంచీ మీద అయిదారుగురు కూర్చున్నారు. కౌంటర్ వెనక కాగితాలు సర్దుకుంటున్న నాకు చివర ఉన్న ఇద్దరి మాటలు వినబడుతున్నాయి. ఒకరు కాకినాడ కుర్రాడు. పక్కన అరవై దాటిన మలయ్ పెద్దావిడ. అలాంటి పెద్దావిడని ఇక్కడ మక్‌చిక్ అంటాం, మన పిన్ని అన్నట్టు. ఆవిడ కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి, ఒళ్లో కాగితం సంచీలో వేడివేడి కరీపఫ్‌లు ఉన్నాయి.

ఆవిడ అతనికి ఒకటి ఇచ్చి తినమంది. లోపల బంగాళాదుంపేనని హామీ కూడా ఇచ్చింది. మా ఇంట్లో నేను ఉండటం లేదని వీళ్లకి ఎవరో చెప్పారట లా, ఇంకెక్కడుంటాను, విమానంలోనా అని, ఇక్కడివాళ్ల అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలిస్తూ, వచ్చీరాని ఇంగ్లీషులో తన కష్టం చెప్పుకుంది. అతను తన కష్టం చెప్పుకున్నాడు. నేను నోరు జారడంవల్ల మా ఓనరమ్మకి ఇబ్బంది వచ్చింది ఆంటీ, ఆవిడ మొహం కూడా నాకు తెలీదు, తెలిస్తే కాళ్లమీద పడేవాణ్ని అన్నాడు. మంచి కుర్రాడివి, కంగారు పడకు, ఆవిడేమీ అనదులే అని మక్‌చిక్ ఓదార్చింది. వాళ్లిద్దరూ ఒకే కేసు మనుషులన్న ఊహే నాకు రాలేదు. నా నివేదిక ప్రకారం ఆ ఓనరమ్మ ఎక్కడో హాయిగా వేరే ఇంట్లో ఉండాలి.

సమయమైంది. బ్లాకు నంబరు, ఇంటి నంబరు గట్టిగా చదివాను.

ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడ్డారు.

ముందు నా వైపు చూశారు, తరవాత ఒకరినొకరు చూసుకున్నారు. అతని చేతిలో సగం కొరికిన కరీపఫ్. "నువ్వు మా ఇంటి అబ్బాయివా?" అంది మక్‌చిక్. అతను నిజంగానే వంగి ఆవిడ కాళ్లు ముట్టుకున్నాడు. ఆవిడ భయపడి, ఏదో పడిపోయిందేమో వెతుకుతున్నాడనుకుని తనూ వంగింది. ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. బెంచీ మీద మిగిలినవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. నా చేతిలో ఫైలు బరువెక్కినట్టయింది.

మా పైఅధికారి చైనీయుడు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాడు, తొందరపడటం ఎప్పుడో మానేసినవాడు. ముందు మక్‌చిక్‌ని లోపలికి పిలిచాడు. ఆవిడ మలయ్‌లో చెప్పింది, నేను రాసుకున్నాను. భర్త పోయాక చాంగీ ఎయిర్‌పోర్టులో రాత్రి పని దొరికిందట. దిగిన విమానాలు మళ్లీ ఎగిరేలోపు సీట్లు, దుప్పట్లు సర్ది, చెత్త తీసి శుభ్రం చెయ్యాలి. ఇల్లు చేరేసరికి పొద్దున ఎనిమిదిన్నర. స్నానం చేసి, గది తలుపేసుకుని మూడింటిదాకా నిద్ర. లేచి వండుకుని, బట్టలుతుక్కుని, అయిదుకల్లా గదికి తాళం వేసి పక్క వీధిలో ఉన్న కూతురింటికి. అక్కడ మనవళ్లని చూసుకుని అటునుంచి అటే పనికి. సెలవురోజు కూడా కూతురింట్లోనే. కుర్రాళ్లేమో పొద్దున ఎనిమిదింపావుకల్లా ఇల్లు వదిలి, లండన్ వాళ్లు నిద్రలేచి మాట్లాడేదాకా ఆఫీసులో ఉండి, చీకటిపడ్డాక వచ్చేవాళ్లు. శనాదివారాల్లో ఆవిడ వచ్చేసరికి వాళ్లు ముసుగుతన్ని ఉండేవాళ్లు, ఆవిడ లేచేసరికి ఊరు తిరగడానికి పోయేవాళ్లు.

మరి మీ ఇంట్లో ఉన్నవాళ్ల గురించి ఏం తెలుసని పైఅధికారి అడిగాడు. ఆవిడ వేళ్లు మడిచి చెప్పడం మొదలుపెట్టింది. ఒకడు తలకి నూనె బాగా రాస్తాడు, తీగమీద దిండు గలీబు చూస్తే తెలుస్తుంది. ఒకడు మంచం మీదే ఇస్త్రీ చేస్తాడు, దుప్పటి కాల్చుకున్నాడు. ఒకడు ఫోన్లో మాట్లాడుతూ పాత పేపరు మీద పువ్వులు గీస్తాడు, ఆ పేపర్లు పారేయబుద్ధి కాలేదు. ఒకడికి ఒకసారి జ్వరమొచ్చింది. రోజంతా దగ్గు వినబడింది. పరాయి ఆడమనిషి తలుపు తడితే బెదిరిపోతాడేమోనని, అన్నం మెత్తగా గంజిలా కాచి అల్లం వేసి, బల్లమీద మూతపెట్టి వెళ్లాను.

పైఅధికారి కలం కింద పెట్టాడు. బయట ఉన్న కాకినాడ కుర్రాణ్ని పిలిచి, మీ స్నేహితుడికి జ్వరమొచ్చిన రోజు గంజి ఎవరు కాచారని అడిగాడు.

"వాడే కాచుకున్నాడండి" అన్నాడతను. ఎందుకైనా మంచిదని స్పీకర్ ఫోన్లో వరంగల్ కుర్రాడికి ఫోన్ చేయించాం. "వీళ్లే చేసిపోయిన్రు సార్. మంచిగుండె. మళ్లెప్పుడు చెయ్యలే" అన్నాడతను, కొంచెం నిష్ఠూరంగా.

కాకినాడ కుర్రాడు నెమ్మదిగా ఒక్కొక్కటీ గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాడు. తాము ఆపడం మర్చిపోయిన ఫ్యాను సాయంత్రానికి ఆగి ఉండేది. మూత పెట్టని పంచదార డబ్బాకి మూత ఉండేది. వాన పడిన రోజున తడవాల్సిన చొక్కాలు మడతపెట్టి కుర్చీలో ఉండేవి. నలుగురూ మిగతా ముగ్గురిలో ఎవరో చేశారనుకున్నారు.

పైఅధికారి చాలాసేపు కిటికీ వైపు చూశాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడని నాకు కాసేపటికి గానీ తెలియలేదు. తరవాత నా వైపు తిరిగాడు.

"మూడుసార్లు వెళ్లావు. మూడుసార్లూ సాయంత్రమేనా?"

"అవును సార్."

"రేపు పదకొండింటికి వెళ్లు. పగలు. బెల్లు కొట్టకు, పాపం పడుకుని ఉంటుంది."

అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆయన తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో.

మర్నాడు కాకినాడ కుర్రాడు సెలవు పెట్టి తన తాళంచెవితో తలుపు తీశాడు. ఇద్దరం చెప్పులు విప్పి, దొంగల్లాగా హాల్లోకి నడిచాం. మూడో గదికి బయట తాళం లేదు. లోపలినుంచి గురక వస్తోంది. చిన్న గురక కాదు, రన్‌వే మీద విమానం పరుగు మొదలుపెట్టినట్టు మెల్లగా మొదలై పైకి లేచి, ఒక క్షణం ఆగి, మళ్లీ మొదలవుతోంది. అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వరంగల్ కుర్రాడికి ఫోన్ చేసి, ఫోన్‌ని తలుపు దగ్గర పట్టుకున్నాడు. అవతలినుంచి వచ్చిన విజయగర్వపు కేక నాకు కూడా వినబడింది. ఆ జ్వరం నాటినుంచీ ఇంట్లో వాళ్లంతా అతన్ని దానిమీద ఆటపట్టిస్తున్నారట.

నేను అక్కడే నిలబడి పుస్తకం తీసి రాశాను: ఉదయం పదకొండు గంటల అయిదు నిమిషాలకు ఓనరు గదిలోనుంచి గురక వినబడింది. గదికి తాళం లేదు. ఆ వాక్యం యథాతథంగా నివేదికలోకి వెళ్లింది. పైఅధికారి దాని కింద సంతకం పెట్టి, నోటీసు రద్దు చేశాడు. ఫైలు మూసేముందు నేను నా మొదటి నివేదిక తప్పని, తప్పు నాదేనని ఒక పేజీ రాసి జతచేశాను. దానిమీద ఆయన వ్యాఖ్యేమీ రాయలేదు.

రద్దు ఉత్తరం పోస్టులో పంపించవచ్చు. నేను స్వయంగా ఇస్తానన్నాను. మక్‌చిక్ ఆ ఆదివారం కూతురింటికి వెళ్లకుండా తన ఇంట్లోనే భోజనం పెడుతోందని, నన్నూ పిలిచిందని చెప్పాను. "భోజనం కుదరదు. నీళ్లు తాగొచ్చు" అన్నాడు పైఅధికారి.

కాబట్టి ఆదివారం మధ్యాహ్నం నేను నీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా బల్లమీద ఆవిడ చేసిన కొబ్బరిపాల కూర, వాళ్లు చేసిన పప్పుచారు. తలుపు బార్లా తీసి ఉంది. కుర్రాళ్లు నాలుగు నెలల మాటలన్నీ ఒక్కపూటలో మాట్లాడేస్తున్నారు, ఆవిడకి సగం అర్థమవుతోంది, మిగతా సగానికి నవ్వుతోంది.

అప్పుడు ఎదురింటి గ్రిల్ తలుపు చప్పుడైంది. ఒక చైనీయుల ముసలావిడ వరండా దాటి వచ్చి గుమ్మంలో నిలబడింది. మక్‌చిక్‌ని చూసింది. తరవాత బజార్లో నేర్చుకున్న వచ్చీరాని మలయ్‌లో తిట్లు మొదలుపెట్టింది. ఎక్కడికి పోయావు, ఒక్క మాట చెప్పి పోకూడదా, కొడుకు నిన్ను ఏ ఆశ్రమంలోనో పడేసి ఇల్లు అద్దెకిచ్చాడనుకున్నాను, ఎవర్నడగాలో తెలియక గవర్నమెంటుకి ఫోన్ చేశాను అంది.

నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. ఫిర్యాదు చేసినవాళ్లెవరో మేం చెప్పకూడదు. ఆవిడే చెప్పేస్తే మా నియమాల్లో దానికి జవాబు లేదు.

ఇద్దరూ పాతికేళ్ల నుంచి ఎదురుబొదురు ఇళ్లవాళ్లు. సాయంత్రం వేళ వరండాలో ముక్కాలిపీటలేసుకుని, పెసర మొలకల తోకలు తుంచుతూ కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఎదురావిడ పగలంతా ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. మక్‌చిక్ రాత్రి పనిలో చేరాక ఇద్దరి దారులూ కలవడం మానేశాయి. ఆ మార్పు ఇంత పెద్దదవుతుందని మక్‌చిక్‌కి తోచలేదు, పక్క వీధిలోని కూతురింటికి కబురు పెట్టవచ్చని ఎదురావిడకీ తోచలేదు. ఆమె ఫోన్లో అడిగింది తన స్నేహితురాలిని వెతికిపెట్టమని. మా గుమస్తా పొదుపుగా రాశాడు. నేను ఆ రెండు వాక్యాల్లో నాకు అలవాటైన నేరాన్ని చదువుకున్నాను.

మక్‌చిక్ లేచి వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, తన పక్క కుర్చీలో కూర్చోబెట్టి పళ్లెం పెట్టింది. ఎదురావిడ ఇంకా తిడుతూనే తినడం మొదలుపెట్టింది. పప్పుచారు రెండోసారి వేయించుకుంది.

ఆ తరవాత నేను తనిఖీకి వెళ్లిన ప్రతి ఇంటికీ కనీసం ఒక్కసారైనా పొద్దుటిపూట వెళ్లాను. కొత్తగా చేరినవాళ్లకీ అదే చెప్పేదాన్ని. దానివల్ల దొరికిన దొంగ ఓనర్లు కూడా ఉన్నారు, అది వేరే సంగతి.

ఏడాది తిరిగాక మక్‌చిక్‌కి పగటి పని ఇచ్చారు. ఆ నెలలోనే ఒక పొద్దున ఆఫీసు తెరిచీ తెరవగానే నాకు ఫోన్ వచ్చింది. మక్‌చిక్. ఫిర్యాదు చెయ్యాలంది. గుమస్తాకి ఇవ్వను, నీకే చెబుతానంది. ఒక్కొక్కడూ స్నానాల గదిలో అరగంట ఉంటున్నాడు, నాకు బస్సు తప్పిపోతోంది, అద్దెకున్నవాళ్లు ఎంతసేపట్లో స్నానం ముగించాలో మీ ఆఫీసులో ఏదైనా నియమం ఉందా అని అడిగింది. అలాంటిదేమీ లేదని చెప్పాను.

"అయితే ఉందని చెప్పు లా" అంది. తన ఫోన్‌ని స్నానాల గది తలుపు దగ్గరికి తీసుకెళ్లినట్టుంది. లోపలినుంచి నీళ్ల చప్పుడు, ఒక తెలుగు పాట వినబడ్డాయి. నేను గొంతు సవరించుకుని, ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానని, అయిదు నిమిషాల్లో బయటికి రావాలని తెలుగులో గట్టిగా చెప్పాను. పాట టక్కున ఆగిపోయింది.